హంట్ టెస్టా, ఫీల్డ్ ట్రయలా: మన లాబ్రడార్‌కి ఏది నయం?

నెల్లూరులో లాబ్రడార్‌ని పెంచుతూ, అమెరికా రిట్రీవర్ల (వేటలో పడిన పక్షిని నోట కరుచుకొచ్చి ఇచ్చే జాతి కుక్కల) వీడియోలు చూసి మన కుక్కకీ నేర్పిద్దాం అనుకునేవాళ్లు ముందు అక్కడ ఆ పనికి పెట్టే హంట్ టెస్ట్, ఫీల్డ్ ట్రయల్ అనే ఈ రెండింటి తేడా తెలుసుకోవాలి. ఫీల్డ్ ట్రయల్ అంటే కుక్కకీ కుక్కకీ పోటీ, నాలుగు స్థానాలు ఇస్తారు. హంట్ టెస్ట్‌లో ఒక ప్రమాణం ఉంటుంది, దాన్ని అందుకున్న ప్రతి కుక్కా పాసే, పక్కవాళ్ల కుక్క ఎంత బాగా చేసినా మనకి నష్టం లేదు.

దూరాల్లోనూ బోలెడు తేడా. ఏకేసీ (అమెరికన్ కెన్నెల్ క్లబ్) వాళ్ల మొదటి మెట్టయిన జూనియర్ హంట్ టెస్ట్‌లో నేల మీద రెండుసార్లు, నీళ్లలో రెండుసార్లు పక్షిని తెచ్చివ్వాలి, అన్నీ 100 గజాల లోపే. ట్రయల్‌లో 300 గజాలు దాటడం మామూలే, అంత దూరం మన ఎండల్లో పరిగెత్తిస్తే ఒత్తు బొచ్చు కుక్కకి వడదెబ్బ తగిలే ప్రమాదం ఉంది.

అందుకే నా ఓటు హంట్ టెస్ట్ పద్ధతికే. 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం మన దగ్గర వేట నేరం కాబట్టి పక్షికి బదులు విసిరే కాన్వాస్ గుడ్డ డమ్మీలు చాలు. పొద్దున్నే పెన్నా ఇసుకలో, లోతు తెలిసిన నిలవ నీళ్లలో చేయించండి, పారే నీళ్లలోకి మాత్రం వద్దు. అసలు కష్టం ఈతలో కాదు, గట్టెక్కాక ఉంటుంది: ఒళ్లు దులుపుకోవడానికి డమ్మీని కింద పడేస్తుంది. జూనియర్‌లో కూడా చేతికి అందించి తీరాలి. కాబట్టి మొదట్లో మీరే నీళ్ల అంచున నిలబడి, అది దులుపుకునేలోపే అందుకోండి, తర్వాత ఒక్కో అడుగు వెనక్కి జరగండి.