ఫోర్ట్ స్టీవెన్స్: కొలంబియా నది సముద్రంలో కలిసే చోట

అమెరికాలోని ఒరెగాన్ రాష్ట్రంలో ఆస్టోరియా పట్టణం వైపు వెళ్ళేవాళ్ళు చాలామంది ఫోర్ట్ స్టీవెన్స్ పార్కుకు వచ్చి, 1906లో ఒడ్డుకు కొట్టుకొచ్చిన పీటర్ ఐరడేల్ ఓడ దగ్గర ఫొటోలు దిగి వెళ్ళిపోతారు. నన్నడిగితే ఓడకు అరగంట చాలు, మిగతా రోజంతా కోటకే ఇవ్వాలి.

అమెరికా అంతర్యుద్ధ కాలంలో నదిలోకి శత్రునౌకలు రాకుండా ఇక్కడ మట్టికోట కట్టారు. తర్వాత కాంక్రీటు బ్యాటరీలు, అంటే ఫిరంగులు నిలిపే కట్టడాలు వచ్చాయి. అవతలి ఒడ్డున ఫోర్ట్ కొలంబియా, ఫోర్ట్ కాన్బీ. మూడూ కలిసి నదీముఖాన్ని కాపలా కాసేవి.

తప్పకుండా చూడాల్సింది బ్యాటరీ రస్సెల్. ఇక్కడ 10 అంగుళాల ఫిరంగులు రెండు ఉండేవి. పేలిన ఊపుకే ఫిరంగి వెనక్కి ఒరిగి గోడ చాటుకు దిగిపోయేది. గుండు నింపాక బరువు దిమ్మ దాన్ని మళ్ళీ పైకి లేపేది. ఇప్పుడు ఫిరంగులు లేవు. కింద మందుగుండు గదులు మాత్రం పట్టపగలే చిమ్మచీకటి, టార్చి ఉండాల్సిందే. ఆ ఫిరంగి ఎలా ఉండేదో తెలియాలంటే బ్యాటరీ ప్రాట్ దగ్గర 6 అంగుళాల నమూనా చూడండి.

1942 జూన్ 21 రాత్రి ఐ-25 అనే జపాన్ సబ్‌మెరైన్ ఈ కోట మీదికి 17 గుండ్లు పేల్చింది. చేపల పడవల వెనకే వచ్చి మందుపాతరలు తప్పించుకుంది. కోట కమాండర్ దీపాలన్నీ ఆర్పించి, ఎదురుకాల్పులు వద్దన్నాడు. కాలిస్తే ఫిరంగులు ఎక్కడున్నాయో శత్రువుకు తెలిసిపోయేది. బేస్‌బాల్ మైదానంలో బంతిని ఆపే కంచె (బ్యాక్‌స్టాప్) దెబ్బతిందే తప్ప పెద్ద నష్టం లేదు. చేతిలో ఫిరంగులుండి ఊరుకోవడం సైనికులకు ఎంత కష్టమై ఉంటుందో బ్యాటరీ రస్సెల్ గోడ మీద నిలబడితే అర్థమవుతుంది. నాకు ఆ నిర్ణయమే సరైనదనిపించింది.

బసకు ఆస్టోరియా హోటళ్ళ కన్నా పార్కులోని యర్ట్ నాకు నచ్చింది. గుండ్రటి గుడారంలో మంచాలు, హీటర్, కరెంటు ఉంటాయి. దుప్పట్లు మనమే తెచ్చుకోవాలి, బాత్రూమ్‌లు బయట. వేసవికైతే నెలల ముందే బుక్ చేసుకోండి. పెద్దవాళ్ళతో వెళితే మాత్రం హోటలే మేలు. మ్యూజియం చిన్నదే, అయినా బ్యాటరీలకు ముందు అక్కడికి వెళితే మ్యాపు చూసి దారులు అర్థమవుతాయి. సైకిల్ ఉంటే ఇంకా హాయి, బ్యాటరీలు దూరదూరంగా ఉంటాయి.

మరో పూట ఉంటే వంతెన దాటి ఫోర్ట్ కొలంబియా చూడండి. అది వాషింగ్టన్ రాష్ట్రం కాబట్టి పార్కింగ్ పాసు వేరే తీసుకోవాలి.