ఆర్‌ఎక్స్ 100 ఆయిల్ పంప్: పద్నాలుగేళ్ల వాడకం తర్వాత

మా నాన్న 1993లో కొన్న యమహా ఆర్‌ఎక్స్ 100 పద్నాలుగేళ్లుగా నా చేతిలో ఉంది. ఇది టూ స్ట్రోక్ బండి, ఇంజిన్‌కి జారుడునిచ్చే ఆయిల్ పెట్రోల్‌తో పాటే లోపలికి వెళ్లి కాలిపోతుంది. వేరే చిన్న ట్యాంకు నుంచి ఆ ఆయిల్‌ని ఇంజిన్‌కి అందించేదే ఆయిల్ పంప్. వారానికి రెండు మూడు సార్లు విజయవాడ నుంచి గుంటూరుకి దాని మీదే వెళ్లొస్తాను. ఈ బండి ఉన్నవాళ్లలో ఎవరిని కదిపినా చెప్పేది ఒకటే: "పంప్ పీకేసి ఆయిల్ పెట్రోల్‌లోనే కలిపేసెయ్, టెన్షన్ ఉండదు." నేను పీకలేదు, పీకను కూడా.

పంప్‌తో ఆయిల్ అందించే ఈ పద్ధతిని యమహా ఆటోల్యూబ్ పేరుతో 1964లోనే తెచ్చింది. ఇంజిన్ వేగాన్నీ, యాక్సిలరేటర్ ఎంత తిప్పామన్నదాన్నీ బట్టి పంప్ ఆయిల్ ఇస్తుంది. పెట్రోల్ ట్యాంకులోనే ఆయిల్ కలిపితే బెంజి సర్కిల్ సిగ్నల్ దగ్గర ఆగినా, మంగళగిరి దాటి హైవే మీద లాగించినా పాళ్లు ఒకటే. ఆగినప్పుడు పొగ ఎక్కువ, లాగినప్పుడు ఆయిల్ చాలకపోవచ్చు.

అయినా 2016 మే నెలలో నా బండి ఇంజిన్ పట్టేసింది. అంతకు రెండు రోజుల ముందే ఒక షెడ్డులో ఆయిల్ ట్యాంకు విప్పి కడిగించాను. కాజ దగ్గరికి వచ్చేసరికి లాగుడు తగ్గింది, ఇంజిన్ చప్పుడు పొడిగా మారింది, ఉన్నట్టుండి వెనక చక్రం బిగుసుకుంది. క్లచ్ పట్టుకోబట్టి పడలేదు. ఆయిల్ ట్యాంకు నిండుగానే ఉంది. పంప్ మూత విప్పి చూస్తే సన్నటి ప్లాస్టిక్ పైపులో వేలి గోరంత గాలి బుడగ కదలకుండా కూర్చుని ఉంది. పైపు తిరిగి తగిలించినప్పుడు గాలి తీయలేదన్నమాట. బోరు, అంటే పిస్టన్ ఆడే సిలిండర్ లోపలి గోడ, గీసుకుపోయింది. దాన్ని రీబోర్ చేయించి (కాస్త పెద్దగా తొలిపించి) పిస్టన్ మార్చాల్సి వచ్చింది. ఆ ఖర్చు పంప్ తప్పు వల్ల వచ్చింది కాదు.

పంప్ చెక్ చేయడం ఆటోనగర్‌లో ఒక పెద్ద మెకానిక్ బాబాయ్ దగ్గర నేర్చుకున్నాను. "పొగ చూసి పంప్ సంగతి చెప్పకు నాయనా, పైపు చూడు" అనేవాడు. నిజమే, ఇంజిన్‌లోకి గేర్ ఆయిల్ రాకుండా ఆపే క్రాంక్ సీల్ పోయి ఆ ఆయిల్ కాలినా పొగ వస్తుంది. ముందు పంప్‌లోని గాలి తీసే బ్లీడ్ స్క్రూ విప్పి, బుడగలు ఆగి ఆయిల్ ఒకే ధారగా కారేదాకా వదలాలి. తర్వాత ఇంజిన్ ఐడిల్‌లో (యాక్సిలరేటర్ తిప్పకుండా) ఉంచి, పంప్ కేబుల్ చేత్తో పూర్తిగా లాగి పట్టుకుంటే ఇంజిన్ వైపు పైపులో మిగిలిన గాలి పోతుంది. ఆ కాసేపూ పెట్రోల్‌లో ఆయిల్ కలిపి ఉండాలి. కేబుల్ సరిచేసేటప్పుడు యాక్సిలరేటర్ కేబుల్ లూజు ముందు తీయాలి, ఆ తర్వాతే పంప్ పుల్లీ (కేబుల్ తిప్పే చిన్న చక్రం) మీది గీతను పిన్నుకి కలపాలి. చాలామంది ఇది తిరగేసి చేస్తారు.

అసలు పరీక్ష ఫీలర్ గేజ్‌తో, అంటే సన్నటి సందులు కొలిచే రకరకాల మందాల రేకులతో. ఐడిల్‌లో పంప్ ముందున్న ప్లేటు మెల్లగా బయటికీ లోపలికీ ఆడుతుంటుంది. పూర్తిగా బయటికి వచ్చిన క్షణంలో ఇంజిన్ ఆపి, ప్లేటుకీ పుల్లీకీ మధ్య సందు కొలవాలి. 0.20 నుంచి 0.25 మిల్లీమీటర్లు ఉండాలి, తక్కువైతే పంప్ ఆయిల్ తక్కువ ఇస్తున్నట్టు. మొదటిసారి కొలిచినప్పుడు నాది 0.10 రేకు దూరింది, 0.15 దూరలేదు. 0.1 షిమ్ (సందు సరిచేసే పలుచటి వాషర్) ఒకటి వేశాక సరిపోయింది. ఏటా రెండుసార్లు చూస్తాను.

లీటరు టూటీ ఆయిల్ (టూ స్ట్రోక్ ఇంజిన్లకు వాడే ఆయిల్) నాకు 1,100 నుంచి 1,200 కిలోమీటర్లు వస్తుంది. ప్రతిసారీ డైరీలో రాస్తాను. అది ఒక్కసారిగా 1,500 వచ్చిందంటే సంబరపడకూడదు, ఇంజిన్‌కి ఆయిల్ చాలడం లేదేమోనని వెంటనే బండి ఆపి పంప్ చూడాలి.

లోపాలూ ఉన్నాయి. మూత కింద మట్టి పేరుకుంటుంది. బండి నెల రోజులు కదలకపోతే బండి ఆగినప్పుడు ఆయిల్‌ని ఆపాల్సిన చెక్ వాల్వ్‌ని దాటి ఆయిల్ లోపలికి దిగి, స్టార్ట్ చేయగానే వీధంతా పొగ. మన ఎండలకి పైపులు గట్టిపడి క్లిప్పుల దగ్గర వదులవుతాయి, రెండేళ్లకోసారి మార్చేస్తాను. ఒరిజినల్ పంప్ దొరకడం ఇప్పుడు కష్టం. అందుకే పాత బండి ముక్కల్లో కనిపించిన ఒక పంప్‌ని కొని, కిరోసిన్‌తో కడిగి, ఆయిల్ గుడ్డలో చుట్టి దాచాను. పోయిన నెల కొలిచినప్పుడు 0.20 రేకు దూరింది, 0.25 దూరలేదు. దాచిన పంప్ ఇంకా ఆ గుడ్డలోనే ఉంది.