మాగ్నెపాన్ ఎల్ఆర్ఎస్ స్పీకర్లకి ఏ ఆంప్ (యాంప్లిఫయర్): ఫోసీ వి3నా, యమహా ఎ-ఎస్501నా?

ఎల్ఆర్ఎస్ స్పీకర్లు 4 ఓమ్‌లవి, సెన్సిటివిటీ (ఇచ్చిన పవర్‌కి ఎంత శబ్దం వస్తుందో చెప్పే కొలత) 86 డెసిబెల్సే. శబ్దం 3 డెసిబెల్స్ పెరిగిన ప్రతిసారీ పవర్ రెట్టింపు కావాలి కాబట్టి చిన్న ఆంప్ త్వరగా చేతులెత్తేస్తుంది.

అరచేతిలో పట్టే ఫోసీ వి3 క్లాస్ డి ఆంప్, అంటే పవర్‌ని తక్కువగా వృథా చేసే స్విచింగ్ రకం. ధర చాలా తక్కువ, వేడీ తక్కువే. అందులోని టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ టీపీఏ3255 చిప్ నిజంగా మంచిది. పెట్టె మీది 300 వాట్లను మాత్రం నమ్మకండి. 48 వోల్ట్, 5 ఆంపియర్ల అడాప్టర్ ఇచ్చేదే మొత్తం 240 వాట్లు, అదీ రెండు ఛానెళ్లకూ కలిపి! 32 వోల్ట్ అడాప్టర్‌తో వచ్చేదైతే ఈ స్పీకర్లకు వద్దే వద్దు. రిమోట్ లేదు, ఇన్‌పుట్ ఒక్కటే.

యమహా క్లాస్ ఏబీ (ఎక్కువ వేడెక్కే సంప్రదాయ రకం), పది కిలోల బరువు. 8 ఓమ్‌ల దగ్గర 85 వాట్లు. కాగితం మీద చిన్న అంకే అయినా, ఈ స్పీకర్లకు కావాల్సిన కరెంట్ ఇవ్వడానికి లోపల పెద్ద ట్రాన్స్‌ఫార్మర్ ఉంది. ఫోనో (వినైల్ రికార్డ్ ప్లేయర్‌కి), ఆప్టికల్ (డిజిటల్) ఇన్‌పుట్లు, రిమోట్ అదనం. ధర మాత్రం ఎన్నో రెట్లు ఎక్కువ.

చిన్న గదిలో, మితమైన వాల్యూమ్‌లో వినేవాళ్లకు 48 వోల్ట్ వి3 చాలు. మిగిలిన డబ్బు స్పీకర్లకే పెట్టండి. హాల్లో గట్టిగా వింటారా, వినైల్ కూడా ఉందా? అప్పుడు యమహానే, సెకండ్ హ్యాండ్‌లో దొరికితే మరీ మంచిది.