జాగ్రత్త: రోల్ మీద రాసిన ‘ఆర్-8’ ఆ రోల్‌ది కాదు

గ్యారేజీకో, రేకుల వర్క్‌షాపుకో కప్పు కింద వేడి ఆపడానికి వెండిరంగు బబుల్ షీట్ (ఫాయిల్ అంటించిన బుడగల ప్లాస్టిక్) కొనబోయేవాళ్లు డబ్బు కట్టేముందు ఇది చదవండి. దాదాపు అందరూ దెబ్బతినేది ఒకేలా. 4 మి.మీ. రోల్, దానిమీద పెద్ద అక్షరాలతో ‘ఆర్-8’ (ఆర్ అంటే వేడిని అడ్డుకునే శక్తికి కొలత, అంకె పెద్దదైతే అడ్డు ఎక్కువ), పక్కన ‘ఉపగ్రహాలకు వాడే టెక్నాలజీ’ అని ఒక ఊరింపు. ఒకవైపు ఫాయిల్, రెండోవైపు తెల్ల ప్లాస్టిక్. తెలుపు కిందికి కనిపిస్తే షెడ్డు వెలుతురుగా ఉంటుందని చెప్పి, ఫాయిల్ వైపు జిగురు పూసి రేకుకు అతికించేస్తారు. ఆ క్షణంతో ఫాయిల్ పని అయిపోయినట్టే.

ఫాయిల్ తనమీద పడే ఉష్ణకిరణాల్లో 95 శాతం దాకా వెనక్కి కొడుతుంది. తాను వేడెక్కినా బయటికి వెదజల్లేది చాలా తక్కువ. కానీ మెరిసే ముఖానికి ఎదురుగా ఏదీ ఆనకుండా ఖాళీ ఉంటేనే ఈ రెండు గుణాలూ అక్కరకొస్తాయి. రేకుకు ఆనిస్తే వేడి కిరణాలుగా రానక్కర్లేదు, తగిలినచోటే నేరుగా దిగిపోతుంది. అప్పుడు మిగిలేది బుడగల ప్లాస్టిక్ ఒక్కటే, దాని విలువ సుమారు ఆర్-1. రెండువైపులా ఫాయిల్ ఉన్న షీటైతే అతికించినా కింది ముఖం కొంత ఆదుకుంటుంది, పైముఖం మాత్రం దండగ. ఉపగ్రహాల మాటకొస్తే, అక్కడ గాలే లేదు. ఇక్కడ గాలి ఉంది, అది కదులుతుంది, వేడిని మోస్తుంది.

మరి ఆ 8 ఎక్కణ్ణుంచి వచ్చింది? షీటుకు ఆనుకుని 90 మి.మీ. దాకా మూసిన గాలి సందు ఉండి, వేడి పైనుంచి కిందికి దిగుతున్నప్పుడు ఆ కట్టడం మొత్తానికి వచ్చే అంకె అది. అదే సందులో చలికాలం వేడి కిందినుంచి పైకి పోయేటప్పుడు విలువ దాదాపు మూడో వంతుకు పడిపోతుంది. అందుకే చలికి హీటర్ పెట్టుకునే షాపుకు ఇదొక్కటే చాలదు, మందపాటి ఫోమో ఇన్సులేషన్ ఉన్నో కావాలి. అమ్మేవాణ్ణి అడగాల్సింది ‘ఆర్ ఎంత’ అని కాదు. పరీక్ష నివేదిక చూపించమనండి: ఏఎస్‌టీఎం సీ1363 (అమెరికా ప్రమాణాల సంస్థ పెట్టిన పరీక్ష పద్ధతి) ప్రకారం చేశారా, సందు ఎంత, వేడి ఏ దిశలో పోయింది? యూనిట్ కూడా చూడండి. అమెరికా ఆర్ అంకెను 5.68తో భాగిస్తేనే మెట్రిక్ విలువ వస్తుంది. ఆర్-8 అంటే మెట్రిక్‌లో 1.4. ఈ రెండింటినీ కలిపేసి మాట్లాడేవాళ్లకు కొదవ లేదు.

సరుకు కూడా పరీక్షించండి. అసలు ఫాయిల్‌కు బదులు లోహపు పూత పూసిన ప్లాస్టిక్ పొర వస్తోంది. చెమ్మ తగిలితే కాలక్రమంలో ఆ పూత మసకబారి రాలిపోతుంది. పైపొర కొద్దిగా ఊడదీసి బలమైన లైటుకు అడ్డం పెట్టండి: వెలుతురు కనిపిస్తే పూత, కనిపించకపోతే ఫాయిల్. మల్టీమీటర్‌ను నమ్మకండి, లక్క పూసిన అసలు ఫాయిల్ కూడా కరెంటు చూపించకపోవచ్చు.

బిగించే తీరు ఇదీ. రేకుకూ షీటుకూ మధ్య కనీసం 25 మి.మీ. సందు ఉండాలి. పర్లిన్ల (రేకును మోసే అడ్డ దూలాల) అడుగున బిగిస్తే వాటి లోతే సందవుతుంది, వేరే బద్దలు అక్కర్లేదు. 300-400 మి.మీ.కొక జీఐ తీగ అడ్డంగా లాగితే షీటు జారదు. ఒకవైపే ఫాయిల్ ఉంటే మెరుపు కిందికి ఉండాలి, పైకి పెడితే దుమ్ము పేరుకుని గుణం చచ్చిపోతుంది. అతుకుల దగ్గర ఒక పట్టీ మీద ఇంకో పట్టీ 75 మి.మీ. ఎక్కేలా పరిచి ఫాయిల్ టేపు వేయండి. చలి రాత్రుళ్లు గది గాలిలోని ఆవిరి అతుకుల్లోంచి పైకి వెళ్లి చల్లబడ్డ రేకు కింద నీరై, పనిముట్ల మీద కారి తుప్పు పట్టిస్తుంది. టేపు అందుకే, అందం కోసం కాదు.

కొలత దగ్గర ఇంకో బోల్తా. 6 మీటర్లు × 6 మీటర్ల కప్పు 36 చదరపు మీటర్లు, 1.2 మీ. వెడల్పు 30 మీ. రోల్ కూడా సరిగ్గా 36. ‘ఒక్కటి చాలు’ అంటారు. చాలదు. ఒకదానిమీద ఒకటి ఎక్కిన భాగాలు పోగా అయిదు పట్టీలు కప్పేది 5.7 మీటర్లే. ఆరో పట్టీ కావాలి, అంటే కనీసం 36 మీటర్ల పొడవు, అంచుల మడతలు దానికి అదనం.

వెల్డింగ్, గ్రైండింగ్ జరిగేచోట పాలిథిలీన్ బుడగల షీటు తలమీద పెట్టుకోవద్దు. అంటుకుంటే కరిగి మండుతూ చుక్కలుగా రాలుతుంది. నిప్పు పరీక్ష ఏఎస్‌టీఎం ఈ84, అందులో మంట వ్యాప్తి సూచీ 25కి మించకూడదు. ఇక ఫాయిల్‌లో కరెంటు పారుతుందన్నది చాలామందికి తట్టదు. మెటల్ స్టేపుల్ వైరులోకి దిగితే కప్పంతా కరెంటే. ఆస్ట్రేలియా ప్రభుత్వ ఇన్సులేషన్ పథకంలో 2009-10లో నలుగురు పనివాళ్లు చనిపోయారు. వాళ్లలో ఫాయిల్ పరుస్తూ షాక్ కొట్టి పోయినవాళ్లూ ఉన్నారు. 2010 ఫిబ్రవరిలో ఆ పథకంలో ఫాయిల్ వాడకం ఆపేశారు. మెయిన్ ఆఫ్ చేసి, వైర్లు ఎక్కడున్నాయో చూసుకున్నాకే స్క్రూ ముట్టండి. (కప్పంతా ఫాయిల్ పరిస్తే లోపల ఫోన్ సిగ్నల్ కూడా తగ్గొచ్చు.)

పైకి ఎత్తే గ్యారేజీ తలుపుకు వేసేటప్పుడు షీటు బరువు ముందే లెక్కగట్టండి. స్ప్రింగు పాత బరువుకే సరిచేసి ఉంటుంది. సగం ఎత్తి చెయ్యి వదిలితే తలుపు నిలబడాలి. కిందికి జారిందంటే స్ప్రింగు సరిచేయించాలి. దాన్ని మీరే తిప్పబోవద్దు, అందులో బిగించి ఉన్న బలం చెయ్యి విరిచేస్తుంది.