వీపీఎస్ నడపడంలో ఏది మేలు: స్నాప్‌షాటా బ్యాకప్పా, పాస్‌వర్డా కీనా, ప్యానెలా టెర్మినలా?

వీపీఎస్ (కంపెనీ దగ్గర అద్దెకు తీసుకునే వర్చువల్ సర్వర్) కొత్తగా తీసుకున్నవాళ్ళు అడిగే ప్రశ్నలు దాదాపు ఒకేలా ఉంటాయి. సర్వర్‌ని బ్రౌజర్‌లో బటన్లతో నడిపే ప్యానెల్ వేసుకోమంటారా, టెర్మినల్‌లో కమాండ్లు కొట్టుకోమంటారా? పాస్‌వర్డ్ గట్టిగా పెట్టుకుంటే సరిపోదా? కంపెనీవాళ్ళే స్నాప్‌షాట్లు ఇస్తున్నారుగా, మళ్ళీ బ్యాకప్ ఎందుకు? జవాబు చెప్పేముందు నేను ఒక్క లెక్క చూసుకుంటాను. ఈ సర్వర్ ఈ రాత్రి మొత్తంగా పోతే, ఇంకో ఖాళీ సర్వర్ తీసుకుని అన్నీ మళ్ళీ నిలబెట్టడానికి ఎన్ని గంటలు పడుతుంది? ఆ గంటల్ని తగ్గించేదే నాకు మేలైనది. కింద చెప్పేదంతా ఆ కొలతతో చెప్పిందే.

స్నాప్‌షాటా, బ్యాకప్పా?

స్నాప్‌షాట్ అంటే ఆ క్షణాన డిస్క్ ఎలా ఉందో అలాగే తీసిపెట్టిన నకలు. కంట్రోల్ పేజీలో ఒక బటన్ నొక్కితే అయిపోతుంది. పెద్ద అప్‌గ్రేడ్‌కి ముందు దీన్ని మించిన రక్షణ లేదు. ఉబుంటు 22.04 నుంచి 24.04కి వెళ్తున్నామంటే స్నాప్‌షాట్ తీయకుండా మొదటి కమాండ్ కూడా కొట్టొద్దు. బెడిసికొడితే కాసేపట్లో పాత స్థితికి వచ్చేయొచ్చు.

కాకపోతే అది డిస్క్ మొత్తాన్నీ ఒకేసారి వెనక్కి తిప్పుతుంది. పొద్దున ఆరింటికి స్నాప్‌షాట్ తీశారు, మధ్యాహ్నం రెండింటికి ఎవరో పొరపాటున ఒక టేబుల్ చెరిపేశారు అనుకోండి. స్నాప్‌షాట్‌కి వెళ్తే టేబుల్ తిరిగొస్తుంది, ఆ ఎనిమిది గంటల్లో వచ్చిన ఆర్డర్లు, కొత్త అకౌంట్లు మాత్రం పోతాయి. అలాంటప్పుడు నడుస్తున్న సర్వర్‌ని కదపకండి. అదే స్నాప్‌షాట్ నుంచి ఇంకో సర్వర్ తాత్కాలికంగా లేపి, అందులోంచి కావాల్సిన టేబుల్ ఒక్కటే తెచ్చుకుని, తర్వాత దాన్ని తీసేయండి. కంగారులో ఇది తట్టక పెద్ద బటన్ నొక్కేసినవాళ్ళను చూశాను.

డేటాబేస్ నడుస్తుండగా తీసిన స్నాప్‌షాట్ సంగతి కూడా తెలిసి ఉండాలి. డేటాబేస్ దృష్టిలో అది హఠాత్తుగా కరెంటు పోయినట్టే. మెమొరీలో ఉండి ఇంకా డిస్క్‌కి చేరనిది నకలులో ఉండదు. మైఎస్‌క్యూఎల్ అనే డేటాబేస్‌లో ఇన్నోడీబీ రకం టేబుళ్ళైతే తమ లాగ్ చూసుకుని లేచి నిలబడతాయి. పాత మైఐశామ్ టేబుళ్ళకు ఆ భరోసా లేదు.

అసలు భయం వేరే ఉంది. స్నాప్‌షాట్లు ఉండేది ఆ కంపెనీ దగ్గరే, ఆ అకౌంట్ కిందే. కార్డు గడువు అయిపోయి బిల్లు కట్టక అకౌంట్ మూతపడినా, ఆ అకౌంటే దొంగల చేతికి వెళ్ళినా సర్వర్‌తోపాటు స్నాప్‌షాట్లూ పోతాయి. 2021 మార్చి 10న ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బర్గ్‌లో ఓవీహెచ్ డేటా సెంటర్ తగలబడింది. ఎస్‌బీజీ2 అనే భవనం పూర్తిగా, పక్కనున్న ఎస్‌బీజీ1 కొంతభాగం కాలిపోయాయి. బ్యాకప్ కూడా ఆ ఆవరణలోనే ఉన్నవాళ్ళు అసలూ నకలూ రెండూ ఒకే రాత్రి పోగొట్టుకున్నారు.

అందుకే బ్యాకప్ వేరే కంపెనీలో, వేరే ఊళ్ళో ఉండాలంటాను. రెస్టిక్, బోర్గ్ అనే రెండు ఉచిత పరికరాలు ఈ పని చక్కగా చేస్తాయి. మారిన భాగాన్నే పంపుతాయి, పంపేముందే ఎన్‌క్రిప్ట్ చేస్తాయి, ఏ రోజు కాపీ కావాలంటే ఆ రోజుది ఇస్తాయి. ఒకే ఒక ఫైలు వెనక్కి తీసుకోవడం కూడా తేలిక. ఎన్‌క్రిప్షన్ పాస్‌వర్డ్ మాత్రం ఆ సర్వర్‌లోనే వదిలేయకండి. సర్వర్ పోతే అదీ పోతుంది, అప్పుడు బ్యాకప్ ఉండీ తెరవలేం. ఇంకో జాగ్రత్త: సర్వర్‌కి బ్యాకప్‌ని చెరిపే అధికారం ఉంటే, సర్వర్‌లోకి చొరబడినవాడికీ ఆ అధికారం ఉన్నట్టే. కొత్తవి చేర్చడమే తప్ప పాతవి తీసేయలేని పద్ధతిలో పెట్టుకోవాలి.

నా విషయంలో జరిగింది చెప్తాను. రోజూ రాత్రి డేటాబేస్ డంప్ (మొత్తం డేటాను ఫైలుగా రాసుకోవడం) తీసి, జీజిప్‌తో కుదించి దాచే చిన్న స్క్రిప్ట్ ఒకటి నడిపేవాణ్ణి. తేదీలవారీగా ఫైళ్ళు వరసగా కనబడేవి, చూడ్డానికి అంతా సవ్యంగానే ఉంది. ఒకరోజు పరీక్ష కోసం కొత్త సర్వర్ మీద రీస్టోర్ చేయబోతే డేటాబేస్ ఖాళీ. ఫైళ్ళ సైజు చూస్తే నాలుగు నెలలుగా అన్నీ 20 బైట్లే. మధ్యలో డేటాబేస్ పాస్‌వర్డ్ మార్చాను, స్క్రిప్ట్‌లో మార్చలేదు. డంప్ ప్రతి రాత్రీ ఫెయిలవుతూనే ఉంది. ఏమీ రాకపోయినా జీజిప్ ఆ శూన్యాన్నే కుదించి ఫైలు రాస్తుంది, ఆ ఖాళీ ఫైలు సైజు సరిగ్గా 20 బైట్లు. పైపులో, అంటే ఒకదాని ఫలితాన్ని ఇంకోదానికి అందించే కమాండ్ల వరసలో, చివరి కమాండ్ సక్సెస్ అయితే మొత్తం సక్సెస్ అయినట్టే స్క్రిప్ట్‌కి లెక్క. బ్యాష్‌లో పైప్‌ఫెయిల్ అనే సెట్టింగ్ ఒక్క లైను పెట్టి ఉంటే మొదటి రాత్రే తెలిసేది.

ఆ నాలుగు నెలల్లో సర్వర్‌కి ఏమీ కాలేదు కాబట్టి సరిపోయింది. అప్పట్నుంచి నెలకోసారి గడియారం ముందు పెట్టుకుని కొత్త సర్వర్ మీద రీస్టోర్ చేస్తున్నాను. పైన చెప్పిన లెక్క తేలేది అప్పుడే. స్నాప్‌షాట్, బ్యాకప్ రెండూ పెట్టుకోగలిగితే పెట్టుకోండి. ఒక్కదానికే డబ్బుంటే నిస్సందేహంగా బ్యాకప్.

పాస్‌వర్డా, కీనా?

కీ, అంటే పాస్‌వర్డ్‌కి బదులు మీ మెషీన్‌లో ఉండే రహస్య ఫైలు. ఇందులో నాకు రెండో ఆలోచన లేదు.

సర్వర్‌లోకి దూరం నుంచి లాగిన్ అయ్యే పద్ధతి ఎస్ఎస్‌హెచ్, దాని తలుపు 22వ పోర్టు. అది తెరిచి ఉన్న ఏ సర్వర్‌నైనా ఆటోమేటిక్ ప్రోగ్రాములు వెతికి పట్టుకుని పాస్‌వర్డ్‌లు ప్రయత్నిస్తూనే ఉంటాయి. లాగ్ తెరిస్తే రూట్, అడ్మిన్, టెస్ట్ అనే పేర్లతో ఆగకుండా తలుపు కొట్టిన జాడలు కనబడతాయి. ఎస్ఎస్‌హెచ్ కీని అలా ఊహించి కొట్టడం జరిగే పని కాదు. ఈడీ25519 రకం కీ చేసుకోండి. ఓపెన్ఎస్ఎస్‌హెచ్ 9.5 నుంచి ఏ రకమూ చెప్పకపోతే వచ్చేది కూడా అదే.

"ల్యాప్‌టాప్ పోతే నా సర్వర్‌లోకి నేనే వెళ్ళలేనుగా" అన్నది న్యాయమైన భయం. ఇంకో మెషీన్‌లో రెండో కీ చేసి దాన్నీ సర్వర్‌లో చేర్చండి. అదీ పోతే కంపెనీ వెబ్‌సైట్‌లో కన్సోల్ ఉంటుంది, సర్వర్ నెట్‌వర్క్‌తో పని లేకుండా లాగిన్ అవ్వొచ్చు. అది పనిచేస్తోందో లేదో ముందే ఒకసారి చూసుకోండి.

చాలామంది దెబ్బతినే చోటు ఒకటుంది. ఎస్ఎస్‌హెచ్ ప్రధాన సెట్టింగుల ఫైలులో పాస్‌వర్డ్ లాగిన్‌కి "నో" అని రాసి, సర్వీస్ రీస్టార్ట్ చేసి, పని అయిపోయిందనుకుంటారు. కంపెనీలు ముందే సిద్ధంచేసి ఇచ్చే ఉబుంటు క్లౌడ్ ఇమేజ్‌లలో పక్క ఫోల్డర్‌లో 50-క్లౌడ్-ఇనిట్ అనే చిన్న ఫైలు ఉండొచ్చు, అందులో అదే సెట్టింగ్‌కి "యెస్" అని ఉండొచ్చు. ప్రధాన ఫైలు మొట్టమొదటే ఆ ఫోల్డర్‌ని చదువుతుంది. ఒకే సెట్టింగ్ రెండుసార్లు వస్తే ఎస్ఎస్‌హెచ్ ముందు కనబడినదాన్నే తీసుకుంటుంది. అంటే మీరు మూశాననుకున్న తలుపు తెరిచే ఉంది. ఎస్ఎస్‌హెచ్‌డీని (సర్వర్‌లో నడిచే ఎస్ఎస్‌హెచ్ ప్రోగ్రాం) పెద్ద టీ (-T) ఆప్షన్‌తో నడిపితే నిజంగా అమల్లో ఉన్న సెట్టింగులన్నీ చూపిస్తుంది, దాన్ని చూసే నమ్మండి. ఈ మార్పులు చేస్తున్నంతసేపూ ఉన్న టెర్మినల్ మూయకండి. ఇంకో విండోలో కొత్తగా లాగిన్ అయ్యి, లోపలికి వచ్చాకే పాతది మూయండి.

పోర్టు నంబర్ మారిస్తే లాగ్‌లో గోల తగ్గుతుంది, అంతే. మార్చుకుంటే తప్పులేదు గానీ కీకి బదులుగా లెక్కేయొద్దు.

ప్యానెలా, టెర్మినలా?

పదిమంది కస్టమర్ల సైట్లు, వాళ్ళ మెయిల్ అకౌంట్లు చూసుకోవాల్సినవాళ్ళకి ప్యానెలే మేలు. ఒక్కొక్కరికీ చేత్తో మెయిల్‌బాక్స్‌లు చేస్తూ కూర్చుంటే రోజు గడవదు. సొంత సైటు ఒకటో రెండో నడిపేవాళ్ళకి మాత్రం నేను టెర్మినలే చెప్తాను.

ప్యానెల్ మెమొరీ తింటుంది, 1 జీబీ సర్వర్‌లో ఆ భారం బాగా తెలుస్తుంది. అది రూట్ (సర్వర్‌పై పూర్తి) అధికారంతో ఇంటర్నెట్ వైపు తెరుచుకుని ఉండే ఇంకో ప్రోగ్రాం కూడా. 2024 అక్టోబర్‌లో సైబర్‌ప్యానెల్‌లో బయటపడిన లోపంతో లాగిన్ కూడా లేకుండానే లోపలికి వచ్చి, ఫైళ్ళు ఎన్‌క్రిప్ట్ చేసి డబ్బులడిగారు. ధర మన చేతిలో ఉండదు: సీప్యానెల్ 2019లో లైసెన్సును అకౌంట్ల సంఖ్య ప్రకారం మార్చింది, ఒకే సర్వర్‌లో ఎక్కువ సైట్లు పెట్టుకున్నవాళ్ళ ఖర్చు ఒక్కసారిగా పెరిగింది. అన్నిటికంటే నా కొలతకు అడ్డొచ్చేది ఇది: ప్యానెల్ తన పద్ధతిలో రాసిన కాన్ఫిగరేషన్ ఇంకోచోట అలాగే పనిచేయదు. ఆ ప్యానెల్ ఉన్న చోటికే వెళ్ళాలి, లేదా మొదట్నుంచీ మొదలుపెట్టాలి.

టెర్మినల్‌లో మొదటి నెల కష్టమే. మీరు కొట్టిన ప్రతి కమాండ్‌నీ ఒక ఫైలులో రాసుకుంటూ వెళ్ళండి. రెండోసారి సర్వర్ కట్టేటప్పుడు ఆ ఫైలే దారి చూపుతుంది, మూడోసారికి అదే స్క్రిప్ట్ అవుతుంది.

ఫైర్‌వాల్: సర్వర్‌లోనా, బయటా?

ఉబుంటులో ఉండే ఫైర్‌వాల్ యూఎఫ్‌డబ్ల్యూ పెట్టుకుంటే ఎనేబుల్ చేసేముందే ఎస్ఎస్‌హెచ్‌కి అనుమతి ఇవ్వండి, లేకపోతే మీరే బయట ఉండిపోతారు. ప్రోగ్రాములను కంటైనర్లలో విడివిడిగా నడిపే డాకర్ వాడేవాళ్ళు ఇంకొంచెం జాగ్రత్తపడాలి. డాకర్ తెరిచే పోర్టులు యూఎఫ్‌డబ్ల్యూ నియమాలను తాకకుండానే వెళ్ళిపోతాయి. యూఎఫ్‌డబ్ల్యూ మూసి ఉందని చెప్తుంటుంది, డేటాబేస్ పోర్టు మాత్రం లోకానికంతటికీ తెరిచి ఉంటుంది. పోర్టును 127.0.0.1కే, అంటే ఆ సర్వర్‌కి మాత్రమే, కట్టేయాలి. కంపెనీ ఇచ్చే ఫైర్‌వాల్ ఉంటే అది మేలు. ట్రాఫిక్ సర్వర్ దాకా రాకముందే ఆపుతుంది కాబట్టి లోపల డాకర్ ఏం చేసినా దానికి సంబంధం లేదు.

స్వాపా, ఎక్కువ ర్యామా?

డేటాబేస్ ఉన్నట్టుండి ఆగిపోతోందంటే ముందు కెర్నెల్ (ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ) లాగ్ చూడండి. మెమొరీ చాలనప్పుడు కెర్నెలే ఏదో ఒక ప్రాసెస్‌ని చంపుతుంది, ఎక్కువ మెమొరీ పట్టుకున్నదే సాధారణంగా బలవుతుంది. అది తరచుగా మైఎస్‌క్యూఎల్. అప్పుడప్పుడూ వచ్చే ఒత్తిడికి 1 లేదా 2 జీబీ స్వాప్ (ర్యామ్ చాలనప్పుడు డిస్క్‌లో వాడుకునే చోటు) చాలు. వీఎంస్టాట్ కమాండ్‌లో స్వాప్ అంకెలు ఎప్పుడు చూసినా కదులుతూనే ఉంటే ర్యామ్ కొనాల్సిందే.

అప్‌డేట్లు: వాటంతటవా, చేత్తోనా?

సెక్యూరిటీ అప్‌డేట్లు వాటంతటవే పడనివ్వండి, డెబియన్, ఉబుంటులో అన్అటెండెడ్ అప్‌గ్రేడ్స్ ఆ పని చేస్తుంది. వెర్షన్ మార్పులు చేత్తో, స్నాప్‌షాట్ తీశాకే. కొత్త కెర్నెల్ పడినా రీబూట్ చేసేదాకా పాతదే నడుస్తుంటుంది, కాబట్టి రీబూట్ వాయిదా వేస్తూ పోకండి. మీరు మెలకువగా, తీరిగ్గా ఉన్న వేళ చూసి రీబూట్ చేయండి. ఎప్పుడో చేత్తో స్టార్ట్ చేసి, సిస్టమ్‌డీలో (బూట్ అయ్యేటప్పుడు సర్వీసుల్ని మొదలుపెట్టేది) ఎనేబుల్ చేయడం మరిచిపోయిన సర్వీసు ఏదైనా ఉంటే అప్పుడే బయటపడుతుంది.