మోకాలి ‘గుజ్జు తిరిగి పెంచే’ ప్యాకేజీ కొనబోయేవారికి జాగ్రత్త హెచ్చరిక

విజయవాడ, గుంటూరు పరిసరాల్లో మోకాలి నొప్పితో బాధపడుతూ, ‘ఆపరేషన్ లేకుండా గుజ్జు తిరిగి పెంచుతాం’ అన్న ప్రకటన చూసి డబ్బు కట్టబోతున్నవారి కోసం ఇది రాస్తున్నాను. నేను అలా 18,500 రూపాయలు కట్టాను. అంతకంటే విలువైన పది వారాల కాలాన్ని పోగొట్టుకున్నాను.

కార్తికమాసంలో ఇంద్రకీలాద్రి మెట్లు దిగుతుండగా, కుడి పాదం మెట్టు మీద ఆని ఉన్నప్పుడే వెనుకనుంచి ఎవరో తగలడంతో ఒళ్లు పక్కకు తిరిగి, మోకాలి లోపల ఏదో పుటుక్కుమంది. ఆ పూట నడిచే ఇల్లు చేరాను. వాపు మర్నాటికి గాని రాలేదు. నాలుగో రోజు నుంచి కాలు పూర్తిగా చాపలేకపోయాను. మోకాలు వంగినచోటే పట్టేసి, చేత్తో అటూ ఇటూ కదిపితే గాని వదిలేది కాదు.

నగరంలో నేను వెళ్లిన కేంద్రంవారు ఎక్స్‌రే మాత్రమే చూసి, గుజ్జు అరిగిపోయిందని చెప్పి, 90 రోజులకు సరిపడా పొడి, తైలం, ఒక బెల్టు చేతిలో పెట్టారు. అసలు మోసమంతా ఆ ‘గుజ్జు’ అనే ఒక్క మాటలోనే ఉందని నాకు తరువాత తెలిసింది. ఆ మాటతో రెండు వేర్వేరు వాటిని కలిపేస్తున్నారు: ఎముకల చివరలను కప్పి ఉండే నున్నటి మృదులాస్థి ఒకటి; తొడ ఎముకకూ కాలి ఎముకకూ మధ్య నెలవంకల్లా అమరి, ఒంటి బరువును పంచే రెండు మెత్తలు మరొకటి. ఈ మెత్తలనే మెనిస్కస్ అంటారు. నాకు చిరిగింది ఇది. ఎక్స్‌రేలో ఇది కనిపించదు, ఎం.ఆర్.ఐ. తీయాలి. దీని వెలుపలి అంచుకు మాత్రమే రక్తప్రసారం ఉంటుంది కాబట్టి అక్కడి చిరుగు కుట్టు వేస్తే అతుక్కునే అవకాశం ఉంది. రక్తం చేరని లోపలి భాగం పొడులతోనో తైలాలతోనో పెరిగేది కాదు.

పొడి వాడిన మొదటి వారంలో నొప్పి తగ్గిన మాట నిజమే, అందుకే నమ్మాను. నెల తిరిగేసరికి ముఖం ఉబ్బింది, షుగరు పెరిగింది. చివరకు సూర్యారావుపేటలో ఎముకల డాక్టరుగారికి చూపిస్తే, ఆ పొడిలో వాపునూ నొప్పినీ త్వరగా తగ్గించే స్టెరాయిడ్ మందు కలిపి ఉండవచ్చన్న అనుమానంతో దాన్ని క్రమంగా తగ్గించి మాన్పించారు. చిరిగిన ముక్క బకెట్ పిడిలా కీలు మధ్యకు మడతపడిందని ఎం.ఆర్.ఐ.లో తేలింది. వెంటనే వచ్చి ఉంటే కుట్టగలిగేవారమని, ఇన్ని వారాలు నలిగినందువల్ల తీసివేయక తప్పదని ఆయన అన్నారు. మెత్త తగ్గినకొద్దీ మున్ముందు కీలు అరుగుదలకు అవకాశం పెరుగుతుంది. ఆ మాట విన్నప్పటి బాధ ఇంకా తగ్గలేదు.

అయితే ప్రతి చిరుగుకూ ఆపరేషన్ కావాలని నా ఉద్దేశం కాదు. నడివయసులో అరుగుదలవల్ల వచ్చిన చిరుగులున్న 146 మందిపై ఫిన్లాండ్‌లో జరిపి 2013లో ప్రచురించిన అధ్యయనంలో, చిరిగిన భాగాన్ని తీసినవారికీ, తీసినట్టు నటించి కోత మాత్రమే పెట్టినవారికీ ఏడాది తరువాత చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. అలాంటివారికి మొదట చేయవలసింది తొడ కండరాన్ని బలపరిచే ఫిజియోథెరపీయే. మోకాలు పట్టేసి చాపుకోలేనివారి సంగతి మాత్రం వేరు. వారు ఆలస్యం చేయకూడదు.

ఆపరేషన్ తరువాత నన్ను నిలబెట్టింది కూడా వ్యాయామమే: మోకాలి కింద తువ్వాలు చుట్ట పెట్టి అదమడం, కాలు చాపి నిటారుగా ఎత్తడం, ఆపైన కదలని సైకిలు తొక్కడం. ఆరు వారాలకు మామూలుగా నడిచాను. కుట్టు వేయించుకున్నవారికి ఊతకర్రలూ, మోకాలికి కట్టే బ్రేసూ కొన్ని వారాలు తప్పవు. గొంతుక్కూర్చోవడం, బాసిపట్లు వేయడం కొన్ని నెలలపాటు మానాలి.

డబ్బు తిరిగి అడిగితే, తెరిచిన డబ్బాలకు వాపసు లేదన్నారు. జాతీయ వినియోగదారుల సహాయవాణి 1915కు ఫోను చేసి ఫిర్యాదు నమోదు చేయించాను. జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లడానికి రెండేళ్ల గడువుంది, చెల్లించిన సొమ్ము 5 లక్షల లోపైతే రుసుము కూడా లేదు. ఇప్పటికే కొన్నవారు బిల్లు, మిగిలిన పొడి, వారు పంపిన వాట్సాప్ సందేశాలు పారేయవద్దు. ఆ పొడిని ఒక్కసారిగా మానేయకుండా ముందు డాక్టరుకు చూపించండి.