ఎనిమిది వేల మంది కలిసి కొన్న పొలం

అమ్మానాన్నలు గుంటూరు నుంచి వచ్చారు. లండన్ తిప్పడం అయ్యాక నాన్న, "ఇక్కడి రైతు పొలం ఒక్కటైనా చూపించమ్మా" అన్నారు. అక్టోబరు చివర్లో ఒక శనివారం బర్మింగ్‌హామ్ నుంచి ఫోర్డ్‌హాల్ అనే పొలానికి బయల్దేరాం. అది ష్రాప్‌షైర్ కౌంటీలో మార్కెట్ డ్రేటన్ అనే ఊరి పక్కనే ఉంటుంది. ఆ ఊరికి రైలు లేదు. పెద్దవాళ్లు ఉంటే కారులో వెళ్లడమే సుఖం.

దారిలో నాన్నకు ఆ పొలం సంగతి చెప్పాను. హాలిన్స్ కుటుంబం తరతరాలుగా అక్కడ కౌలు రైతులు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ఆర్థర్ హాలిన్స్ రసాయన ఎరువులు మానేశాడు. చివరికి పొలం చేజారే పరిస్థితి వచ్చింది. అప్పుడు పొలం కొనడానికి ఆయన పిల్లలు షార్లెట్, బెన్ ఒక్కో వాటా 50 పౌండ్లకు జనానికి అమ్మారు. 2006లో గడువులోపు 8 లక్షల పౌండ్లు పోగయ్యాయి. సుమారు 140 ఎకరాల పొలానికి 8,000 మందికి పైగా యజమానులయ్యారు. ఇంగ్లండ్‌లో జనం సొంతమైన తొలి పొలం ఇదే. వాటాకు లాభం రాదు. ఎన్ని వాటాలు కొన్నా ఓటు ఒక్కటే. బెన్ 100 ఏళ్ల కౌలు మీద సాగు చేస్తున్నాడు.

"లాభం రాకపోతే ఎందుకు కొన్నట్టు?" అని నాన్న ఒకటే ప్రశ్న.

లోపలికి టికెట్ లేదు. నడకదారుల్లో ఎవరైనా తిరగొచ్చు. రాత్రి వాన పడి దారంతా బురద. బూట్లు తేకపోవడం నా పొరపాటే. అమ్మ సగం దూరం నుంచే వెనక్కి వెళ్లిపోయింది. నాన్న మాత్రం కంచె దగ్గర ఆగి, గడ్డి పాయలు విడదీసి చూశారు. పైన మోకాలెత్తున ఎండిన గడ్డి, దాని కింద పచ్చగా చిగురు. నేలలోకి వేలు గుచ్చబోతే వేర్లు అల్లుకుపోయి దిగలేదు. ఇక్కడి పద్ధతే అది. దాన్ని ఫాగేజ్ అంటారు. వేసవి చివర్లో గడ్డిని కోయకుండా నిలబెట్టి ఉంచుతారు. చలికాలమంతా పశువులు బయటే తిరుగుతూ దాన్నే మేస్తాయి. కొట్టం అక్కర్లేదు. వేర్లు దట్టంగా ఉంటాయి కాబట్టి గిట్టలకు నేల చితికిపోదు. దశాబ్దాలుగా దున్నని పచ్చిక అది. "గట్టు మీద గరికను దున్ని పారేసేవాళ్లం కదమ్మా" అన్నారు నాన్న మెల్లగా.

పశువులకే కాదు, మనుషులకూ ఇక్కడ చోటుంది. నేర్చుకోవడంలో ఇబ్బందులున్నవాళ్లు వచ్చి తోటపని చేస్తారు. బడి పిల్లలు వస్తారు. వాలంటీర్లు కంచెలు కడతారు. బాగుచేసిన పాత కట్టడాల్లో కేఫ్, దుకాణం ఉన్నాయి. వాళ్ల పందుల మాంసంతో చేసిన సాసేజ్ నాకు చాలా నచ్చింది. అమ్మ శాకాహారి కాబట్టి సూప్, స్కోన్ అనే చిన్న బన్నుతో సరిపెట్టుకుంది. శాకాహారులు ముందే తెలుసుకుని వెళ్లడం మంచిది. ఒకప్పుడు ఈ ఇంట్లోనే పెరుగు తయారుచేసి అమ్మేవారు, బ్రిటన్‌లో పెరుగు ఎవరికీ పెద్దగా తెలియని రోజుల్లో. అది వినగానే అమ్మ ముఖం వెలిగిపోయింది.

పొలంలోనే యర్టుల్లో, అంటే గుండ్రటి గుడారాల్లో, రాత్రి ఉండొచ్చు. నాన్న మోకాళ్లకు చలి పడదని మేం వేరే ఊళ్లో గది తీసుకున్నాం. అక్కడ హీటర్ పనిచేయక అమ్మ కోటు వేసుకునే పడుకుంది. డబ్బులు దండగ. వెచ్చగా ఉండే నెలల్లో, పిల్లలు ఉంటే, యర్టే నయమని నా అభిప్రాయం.

తిరుగు ప్రయాణంలో నాన్న చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అన్నారు: "మన చెరువు కింద పొలాలన్నీ ప్లాట్లయ్యాయి. అప్పుడు ఊరంతా తలా కొంత వేసుకోవాలన్న ఆలోచన మాకెవరికీ రాలేదు."